ఒక సైజు పెద్దదే ఇచ్చాను

కౌంటరు దిగి రెండేళ్ళయింది. జగ్గయ్యపేటలో ఒక ఆటోమొబైల్ షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు బ్రేకు సామాన్లు అమ్మాను. అన్నేళ్ళూ నిలబడే అమ్మాను, ఎందుకంటే ఆ షాపులో కుర్చీ ఒక్కటే, అది యజమానిది. ఇప్పుడు మా ఇంట్లో నాలుగు కుర్చీలున్నాయి. పొద్దున ఒకదాంట్లో కాఫీ, ఇంకోదాంట్లో పేపరు. ఎండ జరిగినకొద్దీ నేనూ జరుగుతుంటాను. ఫిర్యాదేమీ లేదు.

మొన్నీమధ్య ఆ షాపులో కొత్తగా చేరిన అమ్మాయి నన్ను చూడడానికి వచ్చింది. "కంప్యూటర్లో బండి మోడల్ కొడితే సామాను నంబరు వచ్చేస్తుందండీ. ఇంక ఇందులో నేర్చుకోడానికి ఏముంటుంది?" అని అడిగింది. తెలివైన పిల్ల, వెటకారానికి అడగలేదు. నాకు మాత్రం చురుక్కుమంది. ఆ పూట సరైన జవాబు తోచక టీ తాగమన్నాను. తర్వాత కూర్చుని రాసిన జవాబు ఇది.

షాపు ఎప్పుడు పెద్దదయింది, ఏ ఏజెన్సీ ఎప్పుడు వచ్చింది లాంటివి రాయను. అవన్నీ షాపు గోడ మీద ఫోటోల్లో ఉన్నాయి. నేను నిజంగా నేర్చుకున్నది రెండు పొరపాట్ల దగ్గర. ఒకటి చేరిన కొత్తలో చేశాను, రెండోది దిగిపోయే ముందు చేశాను. మధ్యలో పొరపాట్లే లేవని కాదు, ఎవరైనా వచ్చి చెప్పినా నేను ఒప్పుకోలేదు.

అలమార చాలు

మా యజమాని నాగేశ్వరరావు గారిది తాతల నాటి నుంచి వ్యాపారం చేసిన కుటుంబం. మనిషి సన్నగా ఉండేవారు, గొంతు మాత్రం బజారు చివరిదాకా వినపడేది. నేను చేరిన ఆరు నెలలకు పెనుగంచిప్రోలు నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చి బ్రేకు సిలిండర్ల రబ్బర్లు అడిగాడు. ఇచ్చాను. పదిహేను రోజులకు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఇచ్చాను. మూడోసారి అతను గడప ఎక్కుతుండగానే డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాను. మనిషిని చూడగానే ఏం కావాలో చెప్పేస్తున్నానని లోపల గర్వం కూడాను.

నాగేశ్వరరావు గారు కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. డ్రైవరు వెళ్ళగానే పిలిచారు.

"ఏరా రాఘవులూ, అడిగింది తీసివ్వడానికి నువ్వెందుకురా? ఒక అలమార పెట్టుకుంటే చాలదూ? ఇన్ని రోజుల్లో మూడు సెట్లు తినేసిందంటే ఆ లారీకి ఏదో రోగం ఉంది. ఆటో ఎక్కి పో. చూసి రా."

వెళ్ళాను. రబ్బర్లు విప్పించి చూస్తే నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి వాసన చూశాను. బ్రేకు ఆయిల్ వాసన కాదది.

"ఏం పోశావిందులో?" అని అడిగాను.

"హైడ్రాలిక్ బ్రేకు అన్నారు గదండీ. ట్రాక్టరుకి తెచ్చిన హైడ్రాలిక్ ఆయిల్ ఇంట్లో ఉంటే పోసా" అన్నాడు.

అతని వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ కనిపించదు. కానీ ట్రాక్టరు లిఫ్టుకు పోసే నూనె పెట్రోలియం జాతిది. బ్రేకు రబ్బరుకు అది విషం. రబ్బరు ఉబ్బితే పిస్టను వెనక్కి రాదు, పట్టిన బ్రేకు వదలదు. ఆయిల్ పారే లైన్లన్నీ కడిగించి, రబ్బరు ముక్క ఎక్కడున్నా మార్పించి వచ్చాను. ఆ రోజు నుంచి రబ్బర్లు అడిగిన ప్రతివాణ్ణీ ఏ ఆయిల్ పోస్తున్నావని అడిగేవాణ్ణి. సగం మంది విసుక్కునేవారు.

యజమాని గురించి మంచి చెప్పాను కాబట్టి రెండోదీ చెప్పాలి. షాపుది తప్పని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. సామాను సరిపోలేదని ఎవరైనా వెనక్కి తెస్తే "బిగించినవాడి చేతిలో ఉంది" అనేవారు. పదిసార్లలో ఎనిమిదిసార్లు అది నిజమే. మిగతా రెండుసార్లకూ అదే మాట చెప్పేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బండి రోగం కనిపెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

సున్నపురాయి ఊరి అలవాటు

జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. మా దగ్గరకు వచ్చే లారీల్లో కాగితం మీద రాసినంత బరువే మోసేది నేనైతే చూడలేదు. అందుకని మా ఊళ్ళో ఏది బిగించినా ఒక సైజు పైన బిగిస్తారు. చక్రాల మీద బరువు మోసే కమాను కట్టలో ఒక పట్టా ఎక్కువ. టైరు ఒక సైజు పెద్దది. బోల్టు ఒక సైజు లావు. కొత్త లారీ కూడా ముందు కమాన్ల షెడ్డుకు వెళ్ళి, ఆ తర్వాతే లోడుకు వెళ్ళేది. కస్టమరు అడక్కపోయినా మేమే "ఒక సైజు పైన వెయ్యండి, ఢోకా ఉండదు" అనేవాళ్ళం.

ఈ అలవాటును నందిగామ మెకానిక్కు సుభానీ బాగా ఎగతాళి చేసేవాడు. హైవే పక్కన అతని షెడ్డు. నాకంటే పదేళ్ళు చిన్న, పాత బండ్లంటే ప్రాణం. "మీ పేటోళ్ళు చంటిపిల్లకి కూడా ఒక సైజు పెద్ద చెప్పులే కొంటారన్నా" అనేవాడు. మేం నిజంగా అలాగే కొంటాం, పిల్లలు ఎదుగుతారు కదా అని.

మూడు రకాల హారన్లు పెట్టించుకుని, పగిలిన బ్రేకు గొట్టం మాత్రం ఇంకో నెల వస్తుందిలే అనే లారీ ఓనర్లను నేను వందల మందిని చూశాను. వాళ్ళతో పోలిస్తే ఒక సైజు పైన అడిగేవాళ్ళు బుద్ధిమంతులనే అనుకునేవాణ్ణి. కమాన్లకు, బోల్టులకు ఆ అలవాటు పనికొస్తుంది. బ్రేకు మాస్టర్ సిలిండరుకు పనికిరాదు. మాస్టర్ సిలిండరంటే పెడలు తొక్కగానే ఆయిల్‌ను చక్రాల దాకా నెట్టే గొట్టం. దాని బోరు, అంటే లోపలి వెడల్పు, ఎంత ఉండాలో బండిని బట్టి, కాలిని బట్టి తేల్చాలి. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ తప్పు చేశాను.

చెవిటికల్లు లారీ

నేను దిగిపోవడానికి ముందు ఏడాది, వానలు మొదలవక ముందు, చెవిటికల్లు నుంచి కోటేశ్వరరావు గారు షాపుకు వచ్చారు. రైతు, డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. కుడి మోకాలికి ఆపరేషన్ అయింది, కాస్త ఈడుస్తూ నడుస్తారు. భార్య సీతామహాలక్ష్మి గారు కూడా వెంట వచ్చారు.

వాళ్ళకు ఒక చిన్న పాత లారీ ఉంది. గుండ్రటి ముక్కుది, కోటేశ్వరరావు గారి నాన్నగారు కొన్నది. పెట్రోలు ఇంజను ఎప్పుడో పోతే డీజిలుది వేయించారు. ఎరువు బస్తాలు, పశువుల మేత, మిరపకాయలు, అన్నీ అందులోనే. నడిపేది ఆయనే. ముందు చక్రాల బ్రేకు డ్రమ్ములు అరిగి పలచబడి, ఒకటి బీట తీసింది. అలాంటి డ్రమ్ములు ఇప్పుడు ఎక్కడా దొరకవు. పైగా రోడ్డు మీదకు నీళ్ళొచ్చినప్పుడు తడిసిన డ్రమ్ములు పట్టేవి కావు. అందుకని సుభానీ ముందు చక్రాలకు ఈ కాలపు పికప్ బండి డిస్కులు, వాటిని పట్టే కేలిపర్లు పెడదామన్నాడు. వాటికి తగిన మాస్టర్ సిలిండరు, వాల్వులు, గొట్టాలు ఎంచి ఇవ్వడం నా పని. కంప్యూటర్లో ఆ లారీ పేరు కొడితే ఏమీ రాదు.

సీతామహాలక్ష్మి గారు అసలు మాట అప్పుడే చెప్పేశారు.

"చూడండి రాఘవులు గారూ. ఆయన కాలికి ఆగని బండి మాకొద్దు. మైలవరం నుంచి పాత ఇనుం కొనే ఆయన వచ్చి చూసెళ్ళాడు. ఈసారి బ్రేకు కుదరకపోతే తోలుకుపొమ్మంటా. ఎవరి బిడ్డ మీదకన్నా పోయిందంటే నేను బతకలేనండీ."

ఆవిడ బయటకు వెళ్ళేదాకా కోటేశ్వరరావు గారు కౌంటరు మీది రబ్బరు ముక్కను చేతిలో తిప్పుతూ ఉన్నారు. తర్వాత మెల్లగా అన్నారు, "అది పోతే నేనింక అరుగు మీద కూర్చోవాల్సిందేనండీ. ఇంకో బండి అలవాటు చేసుకునే వయసు కాదు." నాకు జాలేసింది. పాపం, గట్టి సామానే ఇద్దామనుకున్నాను.

ముందు నేను సరిగ్గా చేసింది చెప్పుకుంటాను, ఊరికే నన్ను నేను తిట్టుకోవడం నాకిష్టం ఉండదు. ఆ పాత లారీలో మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ళ కింద, ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. అంటే కేలిపర్లకంటే పల్లంలో ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోతుంది, మొదటిసారి తొక్కితే పెడలు ఊరికే దిగిపోతుంది. అలా కాకుండా లైనులో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వులు ఉంటాయి. ముందు డిస్కులకు మెత్తనిది వెయ్యాలి, వెనక డ్రమ్ములకు కాస్త గట్టిది వెయ్యాలి. తారుమారైతే డిస్కులు రోజంతా రాచుకుని మాడిపోతాయి. ఆ రెండూ సరిగ్గా ఎంచి, డబ్బాల మీద "ముందు", "వెనక" అని రాసి మరీ ఇచ్చాను.

తర్వాత మాస్టర్ సిలిండరు. లోపలి బోరు అంగుళం ఉన్నది ఒకటి, అంగుళం మీద ఎనిమిదో వంతు ఎక్కువ ఉన్నది ఒకటి, రెండూ అలమారలో ఉన్నాయి. చెయ్యి పెద్దదాని మీదకే వెళ్ళింది. "ఒక సైజు పైన ఇస్తున్నానండీ, ఢోకా ఉండదు" అన్నాను. ఆయన రెండు చేతులతో అందుకున్నారు.

రాయిలాంటి పెడలు

బిగించిన రోజు నందిగామ వెళ్ళి నేనే తొక్కి చూశాను. పెడలు రాయిలా ఉంది. మా వృత్తిలో గట్టి పెడలంటే ముచ్చట, మెత్తగా ఉంటేనే లైనులో గాలి ఉందని అనుమానం. బలంగా తొక్కాను, బండి టక్కున ఆగింది. అందరం టీ తాగి ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళాం.

వారం తిరక్కుండా సీతామహాలక్ష్మి గారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఊళ్ళోంచి ఏటి పొలాలకు దిగే వాలు మీద, ఎరువు బస్తాల లోడుతో ఇద్దరూ వెళ్తున్నారు. కింది నుంచి బర్రెలు ఎదురొచ్చాయి, వాటిని తోలుకుంటూ ఒక ముసలాయన వస్తున్నాడు. కోటేశ్వరరావు గారు కుడికాలితో తొక్కితే చాలలేదు. రెండు కాళ్ళూ పెట్టి, స్టీరింగు పట్టుకుని సీట్లోంచి లేచి తొక్కారు. ముందున్న బర్రెకు మూరెడు దూరంలో బండి ఆగింది. మోకాలు వాచి ఆయన మంచమెక్కారు.

"నెలాఖరుకి మైలవరం ఆయన్ని రమ్మన్నా. మీకు చెప్పకుండా తోలేస్తే బాగోదని చెప్తన్నా" అన్నారు ఆవిడ. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను చేసిన మొదటి పని సుభానీకి ఫోన్ చేసి అరవడం. "గాలి సరిగ్గా తియ్యలేదు నువ్వు" అన్నాను.

"గాలుంటే పెడలు మెత్తగా ఉంటది గానీ రాయిలా ఎందుకుంటదన్నా? నువ్విచ్చిందే బిగించా. అంగుళం బోరు చాలదా అని ఆ రోజే అడిగా. ఢోకా ఉండదన్నావు."

నిజమే, అడిగాడు. "బిగించినవాడి చేతిలో ఉంది" అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ముప్పై ఏడేళ్ళలో ఆ మాట మింగడం అదే మొదటిసారి.

సంగతి ఇదీ. మనిషి కాలికి ఉన్న బలం ఉన్నంతే. ఆ బలాన్ని పెద్ద పిస్టను మీద పరిస్తే ఆయిల్‌లో ఒత్తిడి తగ్గుతుంది, చిన్న పిస్టను మీద పెడితే పెరుగుతుంది. పెద్ద బోరు ఆయిల్‌ను ఎక్కువగా నెడుతుంది కానీ గట్టిగా నెట్టదు. దానికి తోడు డ్రమ్ములో ఒక సుఖం ఉంది. తిరిగే చక్రమే లోపల రాచుకునే లైనింగును లాక్కుని ఇంకాస్త బిగించుకుంటుంది. డిస్కుకు ఆ సాయం లేదు, తొక్కినంతే పడుతుంది. అంటే ఎక్కువ ఒత్తిడి కావలసిన చోట తక్కువ ఒత్తిడి ఇచ్చాను. నేనిచ్చిన సిలిండరు బూస్టరు ఉన్న బండ్లకు వచ్చేది, అక్కడ బూస్టరు కాలికి సాయం చేస్తుంది. ఈ లారీ ఇంజనుకు బూస్టరు పని చేయడానికి కావలసిన, గాలి లాగే వాక్యూమ్ పంపు లేనే లేదు. ఇవన్నీ నేను పదిమందికి చెప్పిన పాఠాలే. ఆ పెడలును నా కాలితో తొక్కి బాగుందనుకున్నాను, తొక్కాల్సిన కాలు ఎవరిదో ఆలోచించలేదు.

పదోసారి

మోకాలి వాపు దిగి, డాక్టరు నడవమన్నాక చెవిటికల్లు వెళ్ళాను. తప్పు నాదేనని ఇద్దరి ముందూ చెప్పాను. కోటేశ్వరరావు గారు "పోనీలెండి" అన్నారు. ఆవిడ అనలేదు. కాఫీ మాత్రం ఇచ్చారు.

వాళ్ళింట్లో బరువు చూసుకునే ముల్లు కాటా ఒకటి ఉంది, ఆపరేషన్ తర్వాత బరువు తగ్గమంటే కొన్నారట. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టాను. ఎదురుగా కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టి, కుడికాలితో కాటాను నెట్టమన్నాను. నొప్పి అనిపిస్తే ఆపేయమని కూడా చెప్పాను. మొదటిసారి ముల్లు చాలా దూరం వెళ్ళింది. ఆయన భార్య వైపు చూసి నవ్వారు. మళ్ళీ నెట్టమన్నాను. మళ్ళీ మళ్ళీ నెట్టించాను. పదోసారికి ముల్లు దాదాపు సగానికి దిగింది.

"ఇంక చాలండీ" అన్నారు.

ఆ పదో అంకెనే రాసుకున్నాను. మొదటి అంకె పౌరుషానిది. రోజంతా తిరిగి నందిగామ నుంచి ఇంటికొచ్చే వేళకు బండి నడిపేది పదోసారి నెట్టిన ఆ కాలే. కౌంటరు వెనక నిలబడేవాళ్ళు ఎవరైనా సరే, బ్రేకు సామాను ఎంచే ముందు ఆ అంకె తెలుసుకోవాలని నా అభిప్రాయం. కాటా లేకపోతే మనిషి నడిచి వచ్చేటప్పుడైనా చూడండి.

సుభానీ షెడ్డులో ఈసారి భయం కొద్దీ ఒకేసారి రెండు సైజులు కిందికి దిగాను. పెడలు దూదిలా తేలికైంది, కానీ నేల దాకా పోయింది. కేలిపర్ల పెద్ద పిస్టన్లకు చాలినంత ఆయిల్ ఆ చిన్న బోరు నెట్టలేదు. "మొన్న మేడెక్కావు, ఇప్పుడు బావిలో దిగావు. మధ్యలో మనుషులుండే చోటొకటి ఉంటదన్నా" అన్నాడు సుభానీ. చివరకు అంగుళం బోరు బిగించాం. కేలిపరు దగ్గర ప్రెషరు గేజి తగిలించి, పెడలు మీద కాటా ఆనించి నొక్కి చూశాం. రాసుకున్న అంకె దాకా నొక్కితే, కావలసినదానికంటే ఇంకా కొంచెం తక్కువగానే వచ్చింది ఒత్తిడి.

మిగతా దారి సుభానీ చూపించాడు. పెడలు కడ్డీకి ఒక కన్నం ఉంటుంది, మాస్టర్ సిలిండరును నెట్టే రాడ్డు దానికే తగులుతుంది. ఆ కన్నాన్ని కడ్డీ తిరిగే ఇరుసు వైపు రెండు వేళ్ళ మందం జరిపి కొత్తగా వేశాడు. రాయి కింద గునపం పెట్టి లేపినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. పెడలు మునుపటికంటే కాస్త ఎక్కువ దిగింది, అయినా నేలకు బెత్తెడు పైనే ఆగింది. గేజి ముల్లు మేం కోరిన చోటికి వచ్చింది. సుభానీ గేజి వైపు కాకుండా నా వైపు చూసి నవ్వాడు.

వాలు మీద

నెలాఖరుకు ఇంకా మూడు రోజులుంది. మధ్యాహ్నం పూట, అదే వాలు మీద, అన్నే ఎరువు బస్తాలతో చూద్దామన్నారు సీతామహాలక్ష్మి గారు. అది న్యాయమే. దారి మీద మనుషులు లేకుండా చూసుకుని, ఆగాల్సిన చోట సుభానీ సున్నంతో అడ్డంగా ఒక గీత గీశాడు. నేను, అతను ఒక పక్కన నిలబడ్డాం. ఆవిడ దారికి అవతల, గట్టు మీద ఎత్తుగా ఉన్న చోట ఒక్కరే నిలబడ్డారు.

లారీ దిగింది. గీతకు ఇవతలే ఆగింది. సుభానీ, నేను వంగి చక్రాలు చూశాం. రెండు వైపులా సమంగా పట్టాయి, ఏ పక్కకూ లాగలేదు. మళ్ళీ పైకి వెళ్ళి మళ్ళీ దిగమన్నాం. మళ్ళీ ఆగింది. మూడోసారి కూడా ఆగాక నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. సుభానీ వీపు మీద ఒక్కటి చరిచాను. ఆవిడ మాత్రం గట్టు మీద కదలకుండా నిలబడి ఉన్నారు.

"గీత దాటలేదమ్మా, చూశారా? మూడుసార్లూ దాటలేదు" అన్నాను దగ్గరకు వెళ్ళి.

"గీత నేను చూళ్ళేదండీ" అన్నారు ఆవిడ. "మీరిద్దరూ చక్రాలు చూశారు. నేనాయన మొహం చూశా. బర్రెలెదురొచ్చిన రోజు నేను పక్కనే ఉన్నా గదా. కాలు నొప్పికి తట్టుకోలేక కళ్ళు మూసేసుకుని తొక్కారండీ. బండి దిగిపోతానే ఉంది, ఈయన కళ్ళు మూసే ఉన్నాయి. ఆ సంగతి ఆయన మీకు చెప్పలా. ఇయ్యాళ మూడుసార్లూ చూశా. ఒక్కసారి కూడా మూసుకోలా."

కేబిన్లో కోటేశ్వరరావు గారు స్టీరింగు మీద చేతులు పెట్టి, మా మాటలు వినపడనట్టు ఎదుటి దారి వైపు చూస్తున్నారు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, ఫోనులో ఒక నంబరు నొక్కి నా చేతికిచ్చారు. "మైలవరం ఆయన. రావద్దని మీరే చెప్పండి. తప్పు మీదేనన్నారు గదా."

చెప్పాను. అవతల ఆయనకు నచ్చలేదు. "అదేంటండీ, బండి మళ్ళీ నడుస్తందా ఏంటి?" అన్నాడు.

"నడవడానికేమండీ, అది ఎప్పుడూ నడిచింది. ఇప్పుడు ఆగుతోంది" అన్నాను.

ఫోను తిరిగి ఇద్దామని చూస్తే ఆవిడ గట్టు మీద లేరు. అప్పటికే కేబిన్ ఎక్కి ఆయన పక్కన కూర్చున్నారు. లారీ ఏటి పొలాల వైపు దిగుతోంది.